అల్మాటీలో రష్యన్ రాకపోయినా కడుపునిండా తినడం ఎలా?

కజకిస్తాన్‌లో 14 రోజుల వరకు మనకు వీసా అక్కర్లేదు. 2022లో ఈ వెసులుబాటు వచ్చాక ఆ దేశంలోని పెద్ద నగరం అల్మాటీకి మనవాళ్ల రాకపోకలు బాగా పెరిగాయి. కొండలు, మంచు, కేబుల్ కార్ అన్నీ బాగానే ఉంటాయి. ఆకలేసినప్పుడే అసలు టెన్షన్. ఆ ఊళ్లో హోటళ్లలో ఎక్కువగా వినిపించేది రష్యన్, బోర్డులన్నీ రష్యన్, కజక్ భాషల్లో ఉంటాయి. ఇంగ్లీష్ వచ్చిన వెయిటర్ దొరికితే అదృష్టమే. రోజూ వెతుక్కుంటూ ఇండియన్ రెస్టారెంట్‌కే పోవాలంటే డబ్బూ దండగ, టైమూ దండగ. కొంచెం సిద్ధమై వెళ్తే ఆ అవసరం ఉండదు.

1. బయల్దేరే ముందు ఫోన్ సిద్ధం చేసుకోండి

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో రష్యన్, వీలైతే కజక్ కూడా ఆఫ్‌లైన్‌లో దించుకోండి. కెమెరాతో మెనూ చూపిస్తే అర్థం వస్తుంది. రెండు భాషలకూ దాదాపు ఒకటే లిపి కాబట్టి, అనువాదం మరీ అడ్డదిడ్డంగా వస్తే ఆ లైను కజక్ అయి ఉండొచ్చు, భాష మార్చి చూడండి. దారికి, దగ్గర్లోని హోటళ్లకి టూజీఐఎస్ (2GIS) అనే మ్యాప్ యాప్ పెట్టుకోండి. అక్కడివాళ్లు వాడేది అదే, నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

2. ఆరు అక్షరాలు గుర్తుపెట్టుకోండి

ఇంగ్లీష్ పి లా కనిపించేది అక్కడ 'ర'. సి లా ఉన్నది 'స', హెచ్ లా ఉన్నది 'న', బి లా ఉన్నది 'వ', వై లా ఉన్నది 'ఉ', ఎక్స్ లా ఉన్నది 'ఖ'. ఇవి తెలియక నేను మొదటి సాయంత్రం వీధి పొడవునా 'పెక్టోపా' అని చదువుకుంటూ, ఇదేదో పెద్ద చెయిన్ కాబోలు, ఇన్ని బ్రాంచిలున్నాయి అనుకున్నాను. అది 'రెస్తరాన్'. అంటే రెస్టారెంట్!

3. మొదటి పూట 'స్తలోవయ'లో తినండి

స్తలోవయ అంటే సోవియట్ కాలం నుంచీ ఉన్న క్యాంటీన్ పద్ధతి. ట్రే తీసుకుని లైన్లో నడవడం, అద్దం వెనక ఉన్న గిన్నెల వైపు వేలు చూపించి "ఎత, పజాలుస్త" (ఇది, దయచేసి) అనడం, చివర్లో క్యాష్ కౌంటర్‌లో డబ్బు కట్టడం. అంతే. ఏం తింటున్నామో కళ్లతో చూసుకోవచ్చు. రేటు కూడా తక్కువే.

కౌంటర్‌లో "జ్‌ద్యేస్ ఇలి స్ సబోయ్?" అని గబగబా అడుగుతారు. ఇక్కడే తింటారా, పార్సిలా అని. "కస్పీ?" అన్నారంటే స్థానిక యాప్‌తో కడతారా అని. మనకది ఉండదు కాబట్టి కార్డు చూపించండి. వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ పనిచేస్తాయి. బజార్ల కోసం కొన్ని టెంగేలు (అక్కడి కరెన్సీ) చేతిలో ఉంచుకోండి.

4. మాంసం మాటలు మాత్రం బట్టీ పట్టండి

మిగతా ఎక్కడ తడబడినా నవ్వుకుని వదిలేయొచ్చు. ఇక్కడ మాత్రం కుదరదు. అదృష్టం ఏంటంటే, వీటిలో కొన్ని మన చెవికి చుట్టాలే. 'మ్యాస' అంటే మాంసం. 'గవ్యాదిన' అంటే బీఫ్, అందులో మన 'గో' ఉంది, నిజంగానే రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. 'బరానిన' గొర్రె మాంసం, 'స్వినీన' పంది, 'రీబ' చేప. 'కూరిత్స' అంటే కూర కాదు, కోడి. ఇక 'కనీన' అంటే గుర్రం మాంసం. కజక్‌లకి అది పండగ వంట. 'కజీ' అంటే గుర్రం మాంసంతో చేసిన సాసేజ్. ఉడికించిన మాంసం, వెడల్పు నూడుల్స్ కలిపి చేసే వాళ్ల 'బెష్‌బర్మాక్' పేరుకి ఐదు వేళ్లు అని అర్థం, చేత్తో తినేవాళ్లు కాబట్టి. అంతవరకూ మనకి నచ్చే మాటే గానీ, లోపల గుర్రం ఉందా గొర్రె ఉందా అడిగి తినండి.

అడగడం తేలిక. గిన్నె చూపించి "మ్యాస యేస్త్?" అనండి. 'యేస్త్' అంటే ఉంది, సంస్కృతంలో 'అస్తి' లాగే. లేకపోతే 'న్యెత్' అంటారు.

శాకాహారులు "వెజిటేరియన్" అని ఆగిపోవద్దు. చాలామంది దృష్టిలో కోడి, సాసేజ్ 'మ్యాస' కిందికి రావు. విడివిడిగా చెప్పాలి: "యా నె యేమ్ మ్యాస, కూరిత్సు, రీబు". నేను మాంసం, కోడి, చేప తినను అని. సూప్ అయితే 'బుల్యోన్' గురించి కూడా అడగండి, అంటే మాంసం ఉడికించిన నీళ్లు. ఎర్రగా ముద్దొచ్చే బోర్ష్ బీట్‌రూట్ సూపే అయినా, మామూలుగా బీఫ్ నీళ్లతోనే చేస్తారు. గుమ్మడికాయ సంస (కాల్చిన సమోసా లాంటిది) అడిగినా లోపల గొర్రె కొవ్వు వేసే అలవాటుంది.

మరి ఏం తినాలి? బంగాళదుంప వరేనికి (కజ్జికాయల్లా మడిచి ఉడికించినవి), గ్రేచ్క అనే బక్‌వీట్ అన్నం, నూనె కలిపిన బీట్‌రూట్ సలాడ్ వినిగ్రేత్. జార్జియన్ రెస్టారెంట్ కనిపిస్తే లోపలికి వెళ్లిపోండి. చీజ్ నింపిన ఖచాపురి, రాజ్మాలా ఉండే లోబియో దొరుకుతాయి. 'చిచివీచ్నీ సూప్' అని ఉంటే కందిపప్పుకి దూరపు బంధువు, మసూర్ పప్పు సూప్. దానిలోనూ బుల్యోన్ సంగతి అడగడం మరవకండి.

5. కారం అడగండి

రెండో రోజుకే నాలుక చప్పబడిపోతుంది. ఉయ్గుర్ల లగ్మాన్ నూడుల్స్ అమ్మే చోట 'లజ్‌జాన్' అడగండి. ఎండుమిరప, వెల్లుల్లి, నూనె. మన వెల్లుల్లి కారాన్ని నూనెలో కలిపినట్టే. జెల్యోనీ బజార్ (గ్రీన్ బజార్) అనే పెద్ద మార్కెట్‌లో కొరియన్ సలాడ్లు అమ్మే వరసలో క్యారెట్ పచ్చడి కొనుక్కోండి. 1937లో స్టాలిన్ కాలంలో సోవియట్ తూర్పు కొస నుంచి బలవంతంగా తరలించిన కొరియన్లు ఇక్కడ క్యాబేజీ దొరక్క క్యారెట్‌తో చేసుకున్నదని చెప్తారు. "ద్వేస్తి గ్రామ్" అంటే 200 గ్రాములు ఇస్తారు.

6. మెనూలో రేటు పక్కన గ్రాములు చూడండి

షష్లిక్ (చువ్వకి గుచ్చి కాల్చిన మాంసం), చేప లాంటివాటికి ఒక్కోసారి 100 గ్రాముల రేటు రాస్తారు. ప్లేటు మొత్తం రేటనుకుంటే బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది. పనిరోజుల్లో మధ్యాహ్నం 'బిజ్నెస్ లాంచ్' అని బోర్డు ఉంటే అది మన మీల్స్ లాంటిది: సూప్, సలాడ్, ఒక వంటకం, టీ, అన్నీ కలిపి ఒకే రేటు.

మంచినీళ్లు ఊరికే పెట్టరు, కొనాలి. 'వదా' అంటే నీళ్లు (మినపవడ ఆశ పెట్టుకోవద్దు). "బిజ్ గాజ" అని చెప్పకపోతే సోడా తెచ్చిపెట్టొచ్చు. టీ అడిగితే పాలు లేకుండా కెటిల్ నిండా రావచ్చు. పాలు కావాలంటే "స్ మలకోమ్" అనండి, కజక్‌లు ఎలాగూ పాల టీ ప్రియులే.

7. బిల్లు

"ష్షోత్, పజాలుస్త" అంటే తెస్తారు. అడిగేదాకా తేకపోవచ్చు, నిర్లక్ష్యం అనుకోకండి. చివరి లైన్లో 'అప్స్లూజివానియె' అని 10 శాతమో 15 శాతమో ఉంటే సర్వీస్ చార్జ్ వేసేశారన్నమాట, విడిగా టిప్ అక్కర్లేదు. లేకపోతే 10 శాతం దాకా ఇవ్వొచ్చు. మిగిలిపోయిన తిండి వైపు చూపించి "స్ సబోయ్" అంటే డబ్బాలో పెట్టిస్తారు. వరేనికి అయితే పొద్దున్నే టిఫిన్‌కి సరిపోతాయి.