ట్రయల్ పేపర్‌లో తేడా ఎక్కడుంది: లక్షణం, కారణం, సరిచేసే దారి

జర్నల్ క్లబ్‌కు (పరిశోధన పేపర్లు చదివి చర్చించే సమావేశం) మందుల ట్రయల్ పేపర్ చేతికి రాగానే, తిరుపతి రుయా ఆసుపత్రి అయినా స్విమ్స్ అయినా, చాలామంది పీజీ డాక్టర్ల కళ్లు ముందు పి విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) మీదికే పోతాయి. అది ఆఖర్న చూడాల్సిన అంకె. పక్షపాతం ఉన్న ట్రయల్‌లో పేషెంట్ల సంఖ్య పెరిగేకొద్దీ పి విలువ ఇంకా అందంగా వస్తుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. పేపర్, దాని సప్లిమెంట్, రిజిస్ట్రీ (ట్రయల్ వివరాలు నమోదు చేసే చోటు) ఎంట్రీ మూడూ తెరిచి పెట్టుకోండి. లోపం దొరికిందని పేపర్‌ను పక్కన పడేయొద్దు. ఆ లోపం ఫలితాన్ని ఏ వైపు నెట్టింది, ఎంత నెట్టింది అన్నది తేల్చాలి.

లక్షణం: టేబుల్ 1లో (చేరేనాటి పేషెంట్ల వివరాల పట్టిక) మందు గ్రూపు మొదటి నుంచే మెరుగ్గా ఉంది

మందు గ్రూపులో వయసు తక్కువ, షుగర్ తక్కువ, పొగ తాగేవాళ్లు తక్కువ. ఏదో ఒకటి అటూ ఇటూ అయితే యాదృచ్ఛికం కావచ్చు. అన్నీ ఒకే వైపు మొగ్గితే, తర్వాతి పేషెంట్ ఏ గ్రూపులోకి వెళ్తాడో చేర్చుకునే డాక్టర్‌కు ముందే తెలిసిందని అనుమానించాలి. ఓపీ నంబరు సరి బేసి, పుట్టిన తేదీ, వచ్చిన వారం ఇవన్నీ పేరుకే ర్యాండమ్. సర్కారు ఆసుపత్రిలో ఒక్కో యూనిట్‌కు (డాక్టర్ల బృందానికి) ఒక్కో ఓపీ రోజు. సోమవారం వచ్చినవాళ్లకు మందు, మంగళవారం వచ్చినవాళ్లు కంట్రోల్ (పోల్చిచూసే గ్రూపు) అంటే మందుతో పాటు యూనిట్లను కూడా పోల్చినట్టే. ఓపీ చీటీ మీద బేసి నంబరు చూసి, బాగా నీరసించిన మనిషిని "ఈయన్ను వద్దులే" అనుకోవడానికి మోసబుద్ధి అక్కర్లేదు, జాలి చాలు.

తర్వాతి పేషెంట్ గ్రూపు ముందే తెలియకుండా చూడడాన్ని, అంటే కేటాయింపును దాచడాన్ని, బ్లైండింగ్‌తో (ఎవరు ఏ గ్రూపో పేషెంట్‌కు, డాక్టర్‌కు తెలియనివ్వకపోవడం) కలిపేయకండి. కేటాయింపును దాచడం పేషెంట్‌ను చేర్చుకునే క్షణం దాకా, బ్లైండింగ్ ఆ తర్వాత. ఆపరేషన్ ట్రయల్‌లో రెండోది కుదరకపోవచ్చు. మొదటిది ఎక్కడైనా కుదురుతుంది కాబట్టి సాకు లేదు. 1995లో షుల్జ్ అనే పరిశోధకుడి బృందం 250 ట్రయళ్లను పరిశీలిస్తే, కేటాయింపు సరిగా దాచని వాటిలో ఆడ్స్ రేషియో (రెండు గ్రూపుల్లో ఫలితం వచ్చే అవకాశాల నిష్పత్తి) సగటున 41% మేర మేలును ఎక్కువ చేసి చూపించింది.

మెథడ్స్‌లో వెతకాల్సింది: జాబితా ఎవరు తయారుచేశారు, ఎవరి దగ్గర ఉంది, ఎవరు తెరిచారు. కవర్లు వాడితే వాటికి వరుస నంబర్లు, సీలు ఉండాలి, వెలుతురుకు పట్టినా లోపలిది కనబడకూడదు. తెరవకముందే కవరు మీద పేషెంట్ పేరు రాయాలి. బ్లైండింగ్ లేని ట్రయల్‌లో బ్లాక్ సైజు (ఎంతమందికోసారి రెండు గ్రూపులూ సమానం కావాలన్నది) ఎప్పుడూ 4 అయితే, ముగ్గురు చేరాక నాలుగో మనిషి గ్రూపు అందరికీ తెలిసిపోతుంది. థీసిస్ చేసేవాళ్లు 4, 6 బ్లాకులు కలిపి వేయించి, జాబితాను ట్రయల్‌తో సంబంధం లేని కమ్యూనిటీ మెడిసిన్ వాళ్ల దగ్గర ఉంచి, పేషెంట్ సంతకం అయ్యాకే ఫోన్ చేసి గ్రూపు అడిగే ఏర్పాటు చేసుకోవాలి.

"లాటరీ పద్ధతి" అని రాసి, సరిగ్గా 30, 30 వచ్చిందా? 60 మందిని ఒక్కొక్కరికీ నాణెం ఎగరేసి పంచితే సరిసమానం రావడానికి అవకాశం 10% చిల్లర. డబ్బాలో చెరో 30 చీటీలు వేసి, తీసినవి తిరిగి వేయకపోతే మాత్రం సమానమే వస్తుంది. ఏది చేశారో రాయకపోతే "స్పష్టత లేదు" అని నమోదు చేయండి.

చదివేవాళ్ల చేతిలో మరమ్మతు తక్కువే. వయసుకు, షుగర్‌కు సర్దుబాటు చేసిన ఫలితం ఉంటే దాన్ని తీసుకోండి. ఎవరూ కొలవని నీరసానికి సర్దుబాటు చేసే లెక్క లేదు.

లక్షణం: చేరింది 60, 60. ఫలితాల టేబుల్‌లో 46, 57

కొండకు వచ్చి జబ్బుపడి తిరుపతిలో చేరిన యాత్రికుడు నెల తర్వాత ఫాలోఅప్‌కు రాడు. అలాంటివాళ్లు రెండు గ్రూపుల్లోనూ ఒకేలా తగ్గితే ట్రయల్ బలం తగ్గుతుంది కానీ ఫలితం పెద్దగా వంగదు. మందు పడక మానేసినవాళ్లు ఒక గ్రూపు నుంచే పోతే వంగుతుంది. ఇక్కడ మందు గ్రూపులో 14 మంది, కంట్రోల్‌లో ముగ్గురే తగ్గారు.

లెక్క మీరే మళ్లీ వేయండి. మందు గ్రూపులో 46లో 35 మందికి జబ్బు తగ్గింది, అంటే 76%. కంట్రోల్‌లో 57లో 34, అంటే 60%. పేపర్ చెప్పేది ఇదే. రానివాళ్లందరికీ తగ్గలేదనుకుని 60తో భాగిస్తే 58%, 57%. తేడా మాయం. మందు గ్రూపులో పోయినవాళ్లకు తగ్గలేదు, కంట్రోల్‌లో పోయిన ముగ్గురికీ తగ్గింది అనుకుంటే 58%, 62%, కథ తిరగబడింది. "20% లోపు పోతే పర్లేదు" అనే వాడుక మాట నమ్మొద్దు. పోయినవాళ్ల సంఖ్యను రెండు గ్రూపుల మధ్య ఉన్న తేడాతో పోల్చండి.

మందు సరిగ్గా వేసుకున్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్న పేపర్లదీ ఇదే జబ్బు. 1980లో వెలువడిన కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అనే గుండెజబ్బు ట్రయల్ అంకెల్లో, ఉత్తుత్తి మాత్రను శ్రద్ధగా వేసుకున్నవాళ్లలో ఐదేళ్ల మరణాలు 15.1%, అశ్రద్ధ చేసినవాళ్లలో 28.2%. మాత్రలో ఏమీ లేదు, తేడా మనుషుల్లో ఉంది. అందుకే కేటాయించిన గ్రూపు ప్రకారం వేసిన లెక్కే ముందు చూడాలి. థీసిస్‌లో మందు ఆపేసిన పేషెంట్‌ను జాబితాలోంచి కొట్టేయకుండా చివరిదాకా ఫాలోఅప్ చేయండి, చేర్చుకునేటప్పుడే ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కూడా తీసుకోండి.

లక్షణం: కొలిచింది నొప్పి, కొలిచినవాళ్లకు గ్రూపు తెలుసు

స్కోరు మందు వైపు జరుగుతుంది. కొలిచే పని గ్రూపు తెలియని మరొకరికి అప్పగించాలి, కట్టు కనబడకుండా కప్పాలి. మరణాల లెక్కకు ఈ బెడద దాదాపు లేదు.

లక్షణం: "మందు గ్రూపులో పి 0.001, కంట్రోల్‌లో 0.06, కాబట్టి మందు మేలు"

మన థీసిస్‌లలో ఎక్కువగా కనబడేది ఇదే. రెండు గ్రూపులను ఒకదానితో ఒకటి పోల్చనే లేదు. బీపీ ఎక్కువున్న రోజు చూసి చేర్చుకున్నవాళ్లకు ఏ మందూ లేకపోయినా తర్వాత కొంత దిగుతుంది. చెరో 30 మంది, మందుతో బీపీ 8 తగ్గింది (ఎస్‌డీ, అంటే మనిషికీ మనిషికీ ఉండే తేడా కొలత, 12), కంట్రోల్‌లో 5 తగ్గింది (ఎస్‌డీ 14) అనుకోండి. అసలు తేడా 3. ఎస్‌ఈ (ఆ తేడా అంచనాలో ఉండే అనిశ్చితి) కోసం ఎస్‌డీల వర్గాలు 144, 196 రెంటినీ 30తో భాగించి, కలిపి, వర్గమూలం తీస్తే 3.4. 95% అవధి (అసలు తేడా ఉండగల పరిధి) మైనస్ 3.7 నుంచి 9.7 దాకా, మధ్యలో సున్నా ఉంది, అంటే తేడా లేకపోవచ్చు కూడా. పై రెండు పి విలువలు వచ్చేది సరిగ్గా ఈ అంకెల నుంచే.

ఎస్‌డీ నమ్మశక్యం కానంత చిన్నదిగా ఉంటే అది ఎస్‌ఈ అయి ఉంటుంది. 36 మందిలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8.1 ± 0.2 అంటే, 0.2ను 36 వర్గమూలమైన 6తో గుణించండి, 1.2 వస్తుంది. మనుషుల మధ్య నిజంగా ఉండే తేడాకు సరిపోయే అంకె ఇది.

లక్షణం: మొత్తం మీద తేడా లేదు, ఒక ఉపగుంపులో మాత్రం అద్భుతం

ముందు అనుకున్న ఫలితాన్ని తర్వాత మార్చారేమో తెలియడానికి, సీటీఆర్‌ఐలో (మన దేశపు ట్రయళ్ల రిజిస్ట్రీ) ఎంట్రీ తెరిచి ప్రైమరీ అవుట్‌కమ్‌ను (ట్రయల్ ప్రధానంగా కొలవాలనుకున్న ఫలితం) పేపర్‌తో సరిపోల్చండి. కొలిచే సమయం కూడా చూడండి, 12 వారాలన్నది 4 వారాలై ఉండొచ్చు. రిజిస్టరైన తేదీ, మొదటి పేషెంట్‌ను చేర్చుకున్న తేదీ పక్కపక్కన పెట్టండి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ముందస్తు రిజిస్ట్రేషన్లే తీసుకుంటున్నారు, అంతకు ముందువాటిలో ఆలస్యంగా చేసినవి ఉంటాయి.

ఉపగుంపులను ఎంత నమ్మాలో 1988 నాటి ఐసిస్-2 అనే ట్రయల్ చూపించింది. 17 వేల మంది గుండెపోటు పేషెంట్లలో ఆస్పిరిన్ మరణాలను తగ్గించింది. పుట్టినరోజు రాశులుగా విడగొడితే మిథున, తులవాళ్లకు మాత్రం కాస్త చెడు చేసినట్టు వచ్చింది. (పాశ్చాత్యుల రాశులు లెండి, మన నక్షత్రాల లెక్క కాదు.) పరిశోధకులు దాన్ని కావాలనే వేసి చూపారు. ఉపగుంపు ముందే రాసుకున్నదా, ఇంటరాక్షన్ పరీక్ష (మందు ప్రభావం ఉపగుంపును బట్టి నిజంగా మారుతుందా అని చూసేది) ఉందా చూడండి. రెండూ లేకపోతే ఆ పేరాను కొత్త ట్రయల్‌కు ఆలోచనగా మాత్రమే తీసుకోవాలి.

తీర్పు రాయడం

ట్రయల్‌లో పక్షపాతం రిస్క్‌ను అంచనా వేసే సాధనం ఆర్‌ఓబీ-2లో ఐదు విభాగాలు. వాటికి మార్కులు వేసి కూడొద్దు. ఏ ఒక్క విభాగంలో రిస్క్ ఎక్కువైనా మొత్తం తీర్పు అదే. ర్యాండమైజేషనే లేని అధ్యయనానికి రోబిన్స్-ఐ అనే వేరే సాధనం వాడాలి. తీర్పు పేపర్ మొత్తానికి కాదు, ఒక్కో ఫలితానికి విడిగా రాయాలి: ఒకే ట్రయల్‌కు మరణాల వరుసలో తక్కువ రిస్క్, నొప్పి స్కోరు వరుసలో ఎక్కువ రిస్క్, పక్క గడిలో "మందు వైపు నెట్టింది" అని.