చెన్నైలో వానలు ముదిరేలోపు ఇవి చూసుకోండి

2015లోనూ, 2023లోనూ చెన్నైని ముంచింది డిసెంబర్ మొదటి వారమే. అక్టోబర్‌లోనే సిద్ధమవ్వండి.

మెయిన్ స్విచ్: అపార్ట్‌మెంట్ కింద ఉన్న మీటర్లలో మీది ఏదో ఈరోజే చూసుకోండి. నీళ్లు గడప దాటకముందే, ఒంటిమీద తడి లేనప్పుడే ఆపేయాలి. నీళ్లలో నిలబడి ముట్టుకోవద్దు. వీధిలో కరెంటు స్తంభాలకు, జంక్షన్ బాక్సులకు దూరంగా నడవండి. నీళ్లలో పారే కరెంటు కంటికి కనిపించదు, నాకు అన్నిటికన్నా భయం అదే.

మందులు: బీపీ, షుగర్ మాత్రలు పది రోజులకు సరిపడా. ఇన్సులిన్ వాడే అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే ఒక మట్టికుండ కొనిపెట్టండి. ఫ్రిజ్ ఆగితే, బయట తడిపిన ఆ కుండలో మందు నీళ్లు తగలకుండా పెడితే కొంతవరకు చల్లగా ఉంటుంది.

కారు: బేస్‌మెంట్‌లో వద్దు. మునిగితే స్టార్ట్ చేయొద్దు, ఇంజిన్‌లోకి నీళ్లు లాగేస్తుంది.

సంపు: మూత గట్టిగా బిగించండి. మురుగు కలిస్తే కడిగేదాకా ఆ నీళ్లు వాడకూడదు.

చిన్న నోట్లు: కరెంటు, సిగ్నల్ పోతే ఫోన్‌తో పాలు కూడా కొనలేం.

నంబర్లు: కార్పొరేషన్ 1913, అత్యవసరానికి 112. కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి.