‘మాట’కు సరైన పర్యాయపదాన్ని ఎంచుకోవడం ఎలా?

ఒకే పేరాలో ‘మాట’ అనే పదం నాలుగైదు సార్లు వచ్చినప్పుడు చాలామంది నిఘంటువు తెరిచి, అక్కడ కనిపించిన పలుకు, నుడి, వాక్కు, వచనం, ఉక్తి వంటి వాటిలో ఒకదాన్ని తెచ్చి అతికిస్తారు. దానివల్ల పునరుక్తి పోతుంది గానీ, తరచుగా అర్థం కూడా దానితో పాటే పోతుంది. ఈ పదాలన్నీ ఒక గుంపువే అయినా, ఒక్కొక్కదానికి వాక్యంలో కూర్చునే చోటు వేరు.

మొదట మీ వాక్యంలోని ‘మాట’ ఏ అర్థంలో ఉందో తేల్చుకోవాలి. ‘ఆ మాటకు అర్థమేమిటి?’ అన్నప్పుడు అది పదం. ‘మాట ఇచ్చాడు’ అన్నప్పుడు వాగ్దానం. ‘ఊళ్లో ఆయన మాట చెల్లుతుంది’ అన్నప్పుడు అది అధికారం, పలుకుబడి. ‘పిల్లవాడికి ఇంకా మాటలు రాలేదు’ అన్నప్పుడు మాట్లాడే శక్తి. అర్థం తేలకముందే పర్యాయపదం వెతకడం వృథా శ్రమ.

తరువాత ఆ పదం పక్కనున్న క్రియను చూడాలి. నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష ఇదే. మాట ఇస్తాం, తప్పుతాం, నిలబెట్టుకుంటాం, జారుతాం, పడతాం, మారుస్తాం, కలుపుతాం. ఈ క్రియల్లో ఏ ఒక్కదాని ముందూ ‘పలుకు’ గానీ ‘నుడి’ గానీ నిలవదు. ‘ఎవరి చేతా మాట పడలేదు’ అనే వాక్యంలో మాట అంటే నింద. ‘పలుకు పడలేదు’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అలాగే ‘మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు’ అనే సామెతలో ‘పలుకులు’ అని మార్చి చూడండి: మాటకూ కోటకూ మధ్య ఉన్న ప్రాస తెగిపోయి, సామెత చప్పబడుతుంది. జాతీయాల్లోనూ సామెతల్లోనూ మాటను మాటగానే వదిలేయాలి.

ఇక ఒక్కొక్క పదం స్వభావం చూద్దాం. ‘పలుకు’లో నోటి నుంచి వెలువడే ధ్వని ఉంటుంది కాబట్టి తీపి, కరుకు, ముద్దు వంటి విశేషణాలు దానికి ఇట్టే అతుకుతాయి, చిలకకు ఉండేవి పలుకులే. (వక్కపలుకు, ఇంకా పలుకుగా ఉన్న అన్నం వేరే సంగతి.) దీని నుంచి వచ్చిన ‘పలుకుబడి’కి భాషలోని వాడుక అనే అర్థం ఉన్నా, ఇప్పుడు సాధారణ పాఠకుడికి స్ఫురించేది పరపతి, అందువల్ల భాష గురించి రాసేటప్పుడు ‘నుడికారం’ అనడం మేలు. ‘నుడి’ ఒంటరిగా దాదాపు కావ్యభాషకే పరిమితమైపోయి, నుడికారంలోనూ నానుడిలోనూ బతుకుతోంది.

సంస్కృత పదాలకు సమాసమే ఇల్లు. అమరకోశం ‘వ్యాహార ఉక్తిర్లపితం భాషితం వచనం వచః’ అని ఆరు పేర్లను వరుసగా చెబుతుంది. వీటిలో వ్యాహారం, లపితం తెలుగు వచనంలో కనిపించవు, కానీ లపితానికి చుట్టాలైన ప్రలాపం, సల్లాపం, ఆలాపన మనకు బాగా తెలిసినవే. ఉక్తిని విడిగా వాడేవారు అరుదు. సూక్తి, లోకోక్తి, అతిశయోక్తి మాత్రం అందరి నోటా ఉన్నాయి. సూక్తి అంటేనే మంచి మాట కనుక ‘మంచి సూక్తి’ అని రాయనక్కరలేదు. భాషితం సుభాషితంలో, వచనం ప్రవచనంలో స్థిరపడ్డాయి.

‘వాక్కు’ను సమాసంలో వాడేటప్పుడు సంధిని గమనించాలి. దానం ముందు అది వాగ్దానమవుతుంది, చాతుర్యం ముందు వాక్చాతుర్యంగానే ఉంటుంది, మయం ముందు వాఙ్మయమవుతుంది. ఈ చివరిదాన్ని ‘వాజ్మయం’ అని జకారంతో రాయడం అచ్చులో కూడా కనిపించే పొరపాటు; అక్కడ ఉండవలసింది కవర్గపు అనునాసికమైన ఙకారం. మరొక జాగ్రత్త: వాక్చాతుర్యం, మాటనేర్పు రెండూ చక్కని కూర్పులే గానీ, సంస్కృతాన్నీ తెలుగునూ కలిపి ‘వాక్‌నేర్పు’ అంటే చెవికి గుచ్చుకుంటుంది.

ప్రాంతాన్ని కూడా చూసుకోవాలి. తెలంగాణలో ‘ముచ్చట’ అంటే సంగతి, కబురు. ‘ముచ్చట పెట్టడం’ అంటే కూర్చుని మాట్లాడుకోవడం. కోస్తాలో అదే పదం వినగానే ముందు స్ఫురించేది వేడుక, సంబరం, ముద్దు. ఉభయ ప్రాంతాల వారూ చదివే వ్యాసంలో ‘వారి మధ్య ఆ ముచ్చట వచ్చింది’ అని రాసేటప్పుడు, సందర్భం అర్థాన్ని పట్టిస్తోందో లేదో చూసుకోవాలి.

నామవాచకం కన్నా ఎక్కువ ప్రమాదం క్రియతో వస్తుంది. ‘రోడ్డు పని వేసవిలోగా పూర్తవుతుందని సర్పంచి అన్నారు’ అనే వాక్యాన్ని తీసుకుందాం. ‘తెలిపారు’ అంటే అది సమాచారం. ‘హామీ ఇచ్చారు’ అంటే రేపు నిలదీయవచ్చు. ‘వెల్లడించారు’ అంటే అంతవరకు బయటపడని నిజం ఇప్పుడు తెలిసిందని అర్థం. ‘స్పష్టం చేశారు’ అంటే ముందే ఎవరికో అనుమానం ఉందన్నమాట. ‘పునరుద్ఘాటించారు’ అనాలంటే ఆయన ఇంతకుముందు కూడా అదే మాట గట్టిగా చెప్పి ఉండాలి. వైవిధ్యం కోసం వీటిని తారుమారు చేస్తే, చెప్పినవారు ఉద్దేశించనిది మనం వారికి అంటగట్టినట్టవుతుంది. ‘అన్నారు’ మూడుసార్లు వచ్చినా పాఠకుడికి అడ్డు తగలదు. ‘సెలవిచ్చారు’ విషయంలో మరింత జాగ్రత్త అవసరం: ఒకప్పుడు పెద్దల పట్ల గౌరవంతో వాడిన ఈ పదాన్ని నేటి సభా నివేదికలో రాస్తే, రాసినవారు ఎంత వినయంగా రాసినా, చదివేవారిలో చాలామందికి అది వ్యంగ్యంగానే వినిపిస్తుంది.