ఆఫ్‌రోడ్ బండి యాక్సిల్, సస్పెన్షన్ ఇంట్లో విప్పి కట్టడం: సమస్య - పరిష్కారం

బురదలో, రాళ్లలో, వాగుల్లో తిరిగే సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) బండిని ఇంటి దగ్గరే విప్పి మళ్లీ కట్టుకోవచ్చు. ఓపిక, శుభ్రమైన చోటు, ఆ బండి వర్క్‌షాప్ మాన్యువల్ ఉంటే పని చాలావరకు చేతి పనిముట్లతోనే పూర్తవుతుంది. కానీ నూనె కారితే సీలు, స్టీరింగ్ ఊగితే డాంపర్ (ఊపును అణిచే భాగం), మోత వస్తే బేరింగు అని లక్షణం కనిపించిన చోటనే భాగాలు మార్చుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుందే తప్ప లోపం తీరదు, కొన్నాళ్లకు అదే లక్షణం తిరిగి వస్తుంది. కాబట్టి ఒక్క బోల్టయినా విప్పకముందే చక్రం ఎంత ఆడుతోందో, టైర్లు ఎలా అరిగాయో, నూనె ఏ రంగులో ఉందో, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ వైపు నుంచి యాక్సిల్‌కు శక్తిని చేర్చే పొడవాటి కడ్డీ) ఏ కోణంలో ఉందో చూసి రాసిపెట్టుకోవాలి. బండి విడిభాగాలుగా నేల మీద పరిచాక ఈ ఆధారాల్లో ఒక్కటీ మిగలదు.

జాకీ బండిని ఎత్తడానికే గాని నిలబెట్టడానికి కాదు. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో కుదిపి చూసిన తర్వాతే కిందికి వెళ్లాలి. యాక్సిల్ బరువును విడిగా మరో జాకీ మీద ఆనించకుండా, దాన్ని స్ప్రింగులకు కట్టే యూ-బోల్టులు గాని, షాక్ అబ్జార్బర్లు గాని విప్పకూడదు. పాత బండ్ల బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిపి తుడవాలి.

హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) దగ్గర నూనె కారి బ్రేకు తడుస్తోంది

నూనె కారుతుంటే సీలు పోయినట్టే. అది ఎందుకు పోయిందన్నది తేల్చుకోకుండా కొత్తది వేస్తే దాని గతీ అంతే అవుతుంది. ముందుగా చూడవలసింది యాక్సిల్ హౌసింగ్ (గుల్ల) పైన, లోపలి గాలి వచ్చిపోవడానికి ఉండే బ్రీదర్. బండి నడిచేకొద్దీ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ బురదతో పూడిపోయి ఉంటే ఆ ఒత్తిడి నూనెను సీలు లిప్పు (తిరిగే షాఫ్ట్‌ను అంటుకుని ఉండే అంచు) మీదుగా బయటికి నెడుతుంది. అలా వేడెక్కిన యాక్సిల్‌తోనే వాగులోకి దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోయి, అదే దారిన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. దింపిన నూనె పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే జరిగింది ఇదే. నా బండి వెనుక ఎడమ సీలును ఒకే ఏడాదిలో రెండుసార్లు మార్చిన తర్వాత గాని బ్రీదర్ తీసి చూడాలని నాకు తట్టలేదు. దాని రంధ్రంలో మట్టి ఎండి మేకులా బిగుసుకుపోయి ఉంది. మూడోసారి సీలుతోపాటు బ్రీదర్ కూడా తీసేసి, ఆ చోట రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసను బాడీలో ఎత్తైన చోట కట్టిన తర్వాత ఆ చక్రం మళ్లీ తడవలేదు.

బ్రీదర్ బాగానే ఉంటే షాఫ్ట్ మీద సీలు రాసుకునే చోట గోటిని అడ్డంగా లాగి చూడాలి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడిందని అర్థం, ఎంత మంచి సీలు వేసినా ఆ గాడి గుండా నూనె వస్తూనే ఉంటుంది. దాని మీద పలుచని స్టీలు స్లీవ్ ఎక్కించాలి, లేదా సీటులో చోటుంటే కొత్త సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి దింపాలి. గాడి కూడా లేకపోతే బేరింగు అరిగి షాఫ్ట్ పక్కకు ఊగుతోందేమో చూడాలి, ఎందుకంటే ఊగే షాఫ్ట్‌ను ఏ లిప్పూ అంటిపెట్టుకుని ఉండలేదు.

సీలు దింపే తీరు గురించి ఒక మాట చెప్పాలి. లిప్పు వెనుక చుట్టూ సన్నని స్ప్రింగు ఒకటి ఉంటుంది. సుత్తి దెబ్బల అదురుకు అది గాడిలోంచి జారిపోతుంది, బిగించిన తర్వాత ఆ సంగతి బయటికి తెలియదు. అందుకే ఆ గాడి నిండా ముందే గ్రీజు కూరి, లిప్పుకూ కాస్త రాసి, సీలు అంచుకు సరిపోయే గొట్టం ముక్కను ఆనించి, నాలుగు వైపులా సమానంగా దిగేలా మెల్లగా కొట్టాలి. నూనెలో నానిన లైనింగులను కడిగి వాడుకోవాలని చూడవద్దు. రెండు వైపులా కలిపి మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

ముందు నకిల్ నుంచి నల్లని పల్చని ద్రవం వస్తోంది

పాత లాండ్ క్రూజర్లు, సుజుకీ జిమ్నీల వంటి బండ్లలో యాక్సిల్ చివర బంతి ఆకారంలో మూసి ఉండే నకిల్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) లోపల ఉండవలసింది చిక్కని గ్రీజు. అది పల్చబడి వెనుక నుంచి కారుతూ, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యనున్న గేర్ల పెట్టె) లోపల నూనె మట్టం తగ్గుతోందంటే లోపలి యాక్సిల్ సీలు దాటి గేర్ ఆయిల్ నకిల్‌లోకి చేరుతోందన్నమాట. చాలామంది బంతి మీద బయటికి కనిపించే తుడుపు సీలును మార్చి ఊరుకుంటారు. దాని పని గ్రీజును లోపల, మట్టిని బయట ఉంచడమే. నూనెను ఆపే శక్తి దానికి లేదు.

లోపలి సీలు త్వరగా పోవడానికి రెండు కారణాలు ప్రధానం. మొదటిది, షాఫ్ట్‌ను తిరిగి దూర్చేటప్పుడు దాని బరువంతా లిప్పు మీద ఈడ్చుకుపోవడం. ఒక చేత్తో షాఫ్ట్‌ను కింది నుంచి ఎత్తి పట్టుకుని, సీలు మధ్యగా పోనిచ్చి, దాని కొసనున్న స్ప్లైన్ పళ్లు లోపల దొరికేదాకా నిదానంగా తిప్పుతూ నెట్టాలి. రెండోది, కింగ్ పిన్ (నకిల్ తిరిగే నిలువు ఇరుసు) బేరింగుల పైనా కిందా ఉండే షిమ్‌లు (పలుచని లోహపు బిళ్లలు) తారుమారు కావడం. ఆ షిమ్‌లు బేరింగు బిగువును మాత్రమే కాక, నకిల్ యాక్సిల్‌కు సరిగ్గా మధ్యలో నిలిచే ఎత్తును కూడా నిర్ణయిస్తాయి. నకిల్ పైకో కిందికో జరిగితే షాఫ్ట్ సీలు మధ్యలో ఉండక ఒక పక్కనే ఒరుసుకుంటుంది. విప్పేటప్పుడే పైవి, కిందివి, ఎడమవి, కుడివి విడివిడి సంచుల్లో వేసి పేర్లు రాసుకుంటే ఈ చిక్కు రాదు.

చక్రం పట్టుకుని ఊపితే ఆడుతోంది

ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. ఆట కనిపిస్తే మరొకరిని బ్రేకు పెడల్ తొక్కి ఉంచమని చెప్పి మళ్లీ ఊపాలి. బ్రేకుతో ఆట పోతే లోపం హబ్ బేరింగులో ఉంది, పోకపోతే కింగ్ పిన్ బేరింగులో ఉంది. ఈ ఒక్క పరీక్షతో ఒక రోజు పని మిగులుతుంది.

హబ్ బేరింగు వదులైనంత మాత్రాన దాన్ని మార్చనక్కరలేదు. కడిగి వెలుతురులో చూసినప్పుడు రోలర్లు, కప్పు నునుపుగా ఉంటే మళ్లీ గ్రీజు పెట్టి బిగించవచ్చు. పెచ్చులు లేచినా, వేడికి నీలిరంగు తిరిగినా, కప్పుతో సహా మార్చవలసిందే. కొత్త కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టూ మార్చి మార్చి కొడుతూ దింపుతుంటే ముందు బోలుగా వినిపించే చప్పుడు, కప్పు అడుగుకు ఆనగానే గట్టిగా ఖణేల్మంటుంది. ఆ తేడా వినిపించేదాకా ఆపకూడదు. గ్రీజును అరచేతిలో వేసుకుని, బేరింగు వెడల్పాటి అంచును దాని మీద అదుముతూ లాగితే, గ్రీజు రోలర్ల సందుల్లోంచి దూరి అవతలి అంచున సన్నని పోగులుగా బయటికి వస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా తిప్పుతూ పెట్టాలి. పైపైన పూసిన గ్రీజు రోలర్లకు చేరదు.

బిగించేటప్పుడు హబ్‌ను తిప్పుతూ నట్టును గట్టిగా బిగించి బేరింగు కుదురుకోనివ్వాలి, తర్వాత పూర్తిగా వదులు చేసి, మాన్యువల్ చెప్పిన తేలికపాటి టార్క్‌కు మళ్లీ బిగించాలి. వీల్ బోల్టుకు స్ప్రింగు త్రాసు తగిలించి, హబ్ కదలడం మొదలయ్యే బలాన్ని చదివితే బిగువు సరిపోయిందో లేదో అంకెలో తెలుస్తుంది. కింగ్ పిన్ బిగువునూ ఇదే త్రాసుతో, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపి తిప్పే కడ్డీ) రంధ్రం దగ్గర లాగి కొలవాలి. అయితే తుడుపు సీలు, షాఫ్ట్ పెట్టకముందే కొలవాలి, లేకపోతే వాటి రాపిడి కూడా లెక్కలోకి వస్తుంది. బిగువు చాలకపోతే షిమ్ తీయాలి, ఎక్కువైతే కలపాలి.

ఒక వేగంలో గతుకు తగలగానే స్టీరింగ్ విపరీతంగా ఊగిపోతోంది

ఈ మరమ్మత్తులన్నిటిలో నేను అత్యంత తీవ్రంగా తీసుకునే లక్షణం ఇదే, ఎందుకంటే వేగం బాగా తగ్గించేదాకా బండి చేతికి లొంగదు. స్టీరింగ్ డాంపర్ కొత్తది వేస్తే కొంతకాలం ఊగడం తగ్గుతుంది. దాంతో బాగైపోయిందనుకుని తిరుగుతుంటే వదులైన కీలు ఇంకా వదులై, మరింత ప్రమాదకరంగా బయటపడుతుంది. డాంపర్‌ను అన్నీ సరిచేసిన తర్వాత చివరగా చూసుకోవాలి.

బండి నేల మీద నిలబడి ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకూ కుడికీ తిప్పుతూ ఉండాలి. మీరు బండి పక్క నుంచి చూస్తూ, కదిలే భాగాలకు దూరంగా ఉంటూనే, ఒక్కొక్క కీలు మీద వేలు ఆనించి పరిశీలించాలి. రెండు భాగాలు కలిసి కదలాలి. ఒకటి ముందు కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే ఆ ఆట వేలికి తెలుస్తుంది. అనుభవంలో మొదట దొరికేది, యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు కట్టే పాన్‌హార్డ్ రాడ్. దాని బుష్ (కీలులోని రబ్బరు) చిరిగి ఉంటుంది, లేదా బోల్టు వదులై బ్రాకెట్ రంధ్రం కోలగా సాగి ఉంటుంది. సాగిన రంధ్రంలో బోల్టును ఎంత బిగించినా ఫలితం ఉండదు, వాషర్ వెల్డ్ చేసి రంధ్రాన్ని సరిచేయాలి. తర్వాత టై రాడ్ కొసలు, కింగ్ పిన్ బిగువు, హబ్ బేరింగులు, టైర్ల బ్యాలెన్సు వరుసగా చూడాలి.

సస్పెన్షన్ ఎత్తు పెంచిన తర్వాతే ఇది మొదలైతే క్యాస్టర్ కోణం (కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిందని అనుమానించాలి. రేడియస్ ఆర్మ్‌లు (యాక్సిల్‌ను ఛాసిస్‌కు పొడవునా కట్టే కడ్డీలు) ఉన్న బండిని ఎత్తినప్పుడు యాక్సిల్ ముందుకు తిరిగి క్యాస్టర్ తగ్గుతుంది, తిప్పిన స్టీరింగ్ దానంతట అది తిన్నగా రాదు. క్యాస్టర్ సరిచేసే బుష్‌లు గాని, కమాన్ కట్టల (పట్టీల స్ప్రింగుల) బండికైతే యాక్సిల్ కింద ఏటవాలు బిళ్లలు గాని వేయాలి. గతుకు మీద ఎక్కినప్పుడు బండి దానంతటదే పక్కకు తిరుగుతుంటే మాత్రం అది వేరే లోపం. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ), పాన్‌హార్డ్ రాడ్ ఒకదానికొకటి సమాంతరంగా లేవని అర్థం.

స్టీరింగ్ తిన్నగా ఉన్నచోట చిన్న గుంటలో పడినట్టు పట్టేస్తుంటే కింగ్ పిన్ కప్పులను చూడాలి. ఏళ్ల తరబడి రోలర్లు ఒకే చోట దెబ్బలు తిని, కప్పులో వరుసగా గీతల్లాంటి గుంటలు పడి ఉంటాయి. గ్రీజుతో అది నయం కాదు.

పూర్తిగా తిప్పి ఆక్సిలరేటర్ ఇస్తే టకటక చప్పుడు

ముందు షాఫ్ట్ చివరనున్న సీవీ జాయింట్ (చక్రం పక్కకు తిరిగినా శక్తిని అందించే కీలు) లోపల 6 బంతులు తిరిగే గాడులు అరిగాయి. కడిగి చూస్తే గాడి గోడల్లో గుంటలు కనిపిస్తాయి. ఎడమ, కుడి జాయింట్లు ఒకటే అయిన బండ్లలో వాటిని అటూ ఇటూ మార్చితే అరగని వైపు మీద భారం పడి కొంతకాలం నడుస్తాయి గాని, దూర ప్రయాణాలు చేసే బండికి కొత్త జాయింటే వేయాలి. దానికి మాలిబ్డినం కలిసిన గ్రీజు కావాలి.

నడిచేటప్పుడు డిఫరెన్షియల్ ఊళ వేస్తోంది

ఆక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఊళ వస్తోందా, వదిలినప్పుడు వస్తోందా అన్నది ముందు గమనించాలి. భారం మారినప్పుడు స్వరం మారితే లోపం క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) పళ్ల కలయికలో ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ ఒకేలా గరగరమంటే బేరింగును అనుమానించాలి. పళ్లకు మార్కింగ్ రంగు పూసి తిప్పితే ముద్ర పడుతుంది. ముద్ర పంటి అడుగుకు చేరితే పినియన్ క్రౌన్‌కు మరీ దగ్గరగా ఉంది, పై అంచుకు చేరితే దూరంగా ఉంది. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే ఆట) చాలా బండ్లలో 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల దాపున ఉంటుంది, మీ బండి అంకె కోసం మాన్యువల్‌నే నమ్మాలి. పినియన్ వెనకున్న క్రష్ స్లీవ్ (బిగించేకొద్దీ నలిగి బేరింగు బిగువును నిలిపే గొట్టం) ఒకసారి హద్దు దాటి నలిగితే నట్టును వెనక్కి తిప్పి సరిచేయడం కుదరదు, కొత్తది వేసి మొదటి నుంచి బిగించాలి. డయల్ గేజ్ (సన్నని కదలికను కొలిచే పరికరం) లేకుండా ఈ పనికి పూనుకోవద్దని నా సలహా. గేజ్ లేనివారు ఆ భాగాన్ని విడిగా తీసి, అది ఉన్నవారి చేత సెట్ చేయించుకోవడం మంచిది.

ఎత్తు పెంచాక వేగంలో వణుకు

ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్రం కన్నా డిఫరెన్షియల్ నిష్పత్తి అన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది. అందుచేత నిదానంగా ఊపినట్టుండే వణుకు టైరుది, సన్నగా జుమ్మనే వణుకు షాఫ్ట్‌ది. రెండు చివరలా ఒక్కో క్రాస్ (వంగే కీలు) ఉన్న షాఫ్ట్‌కు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక యాక్సిళ్లకు శక్తిని పంచే గేర్ల పెట్టె), పినియన్ కోణాలు సమాంతరంగా ఉండాలి. పైన జంట క్రాస్ ఉన్న షాఫ్ట్‌కు పినియన్ దాదాపు షాఫ్ట్ వైపే చూస్తుండాలి. ఒక దాని లెక్కను మరొకదానికి వాడటం వల్లే ఈ వణుకు ఎక్కువగా పోకుండా మిగులుతుంది.

బండి ఒక పక్కకు నడుస్తోంది, కొత్త బుష్‌లు చిరుగుతున్నాయి

బండి ఒక పక్కకు నడుస్తున్నట్టు అనిపిస్తే కమాన్ కట్ట మధ్య బోల్టు తెగి యాక్సిల్ జరిగిందేమో రెండు పక్కలా టేపుతో కొలవాలి. సాగిన పాత యూ-బోల్టులను తిరిగి వాడకూడదు. రబ్బరు బుష్‌లు నెలల్లోనే చిరగడానికి కారణం తరచుగా బిగించిన పద్ధతిలోనే ఉంటుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోయి, బండిని దింపగానే మెలి తిరిగి ఉండిపోతుంది. అన్నీ వదులుగా అమర్చి, బండిని చక్రాల మీదకు దింపి, రెండు మూడుసార్లు కుదిపి, అప్పుడు చివరి బిగింపు ఇవ్వాలి.

మొదటి 10 కిలోమీటర్లు నడిపి ఆగి, ఒక్కొక్క హబ్ దగ్గరికి అరచేతి వెనుక భాగాన్ని తీసుకెళ్లి వేడి చూడాలి. మిగతా మూడింటి కన్నా ఒకటి బాగా వేడిగా ఉంటే ఆ చక్రంలో బేరింగు బిగువు ఎక్కువైంది, లేదా బ్రేకు పట్టేసింది. దాన్ని ఆ రోజే విప్పి చూడాలి. యూ-బోల్టులను, టై రాడ్ నట్లను, పాన్‌హార్డ్ రాడ్ బోల్టులను కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత టార్క్ రెంచ్‌తో మరోసారి చూసుకోవాలి.