కురుసుర సంవత్సరాలు, రెండు వర్గాలు: ఒలింపియాడ్ లెక్కను విప్పడం ఎలా?

విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002లో మ్యూజియంగా మారింది. రోడ్డుకు అవతలనున్న టీయూ-142 విమానం 2017లో మ్యూజియమైంది. ఈ నాలుగు సంవత్సరాల్లో వేటిని రెండు వర్గ సంఖ్యల మొత్తంగా రాయగలం? గణిత ఒలింపియాడ్‌కు చదివే పిల్లలకు నేను మొదట ఇచ్చే లెక్క ఇదే.

సూత్రం కోసం వెతకకండి. ముందు చిన్న సంఖ్యలతో పట్టిక వేయండి. సున్నాను కూడా వర్గంగా తీసుకుంటే 1, 2, 4, 5, 8, 9, 10, 13 కుదురుతాయి. 3, 6, 7, 11, 12, 14, 15 ఎంత ప్రయత్నించినా కుదరవు.

ఇప్పుడు శేషాలు చూడండి. సరి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 0, బేసి సంఖ్య వర్గాన్ని భాగిస్తే 1. రెండు వర్గాలు కలిపితే 0, 1, 2 తప్ప 3 రాదు. 3, 7, 11, 15 అందుకే కుదరలేదు. మన సంవత్సరాల్లో 2002కు శేషం 2, మిగతా మూడింటికీ 1. ఈ శేషాల జల్లెడలో ఏదీ ఆగలేదు. చాలామంది ఇక్కడే తొందరపడి నాలుగూ కుదురుతాయని రాసేస్తారు. అది పెద్ద పొరపాటు. జల్లెడ దాటినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. పట్టికలోని 6, 12, 14 కూడా దాన్ని దాటినవే.

ఆ మూడింటినే మళ్లీ చూడండి: 2×3, 4×3, 2×7. లోపల 3, 7 దాక్కుని ఉన్నాయి. కాబట్టి తరువాతి పని కారణాంకాలు రాయడం. 2002 = 2×7×11×13. వర్గాలను 7తో భాగిస్తే శేషాలు 0, 1, 2, 4 మాత్రమే. వీటిలో ఏ రెండు కలిపినా 7 రాదు. కాబట్టి మొత్తాన్ని 7 భాగించాలంటే రెండు సంఖ్యలనూ 7 భాగించి తీరాలి. అప్పుడు వాటి వర్గాల మొత్తాన్ని 49 భాగించాలి. 2002ను 49 భాగించదు. అంటే 2002 కుదరదు. 2001 = 3×23×29; ఇదే వాదన 3తో నడుస్తుంది, ఇంకా సులువుగా.

ఒలింపియాడ్ తొలి అర్హత పరీక్ష ఐఓక్యూఎంలో జవాబు గుర్తిస్తే సరిపోతుంది, తరువాతి ప్రాంతీయ పరీక్ష ఆర్‌ఎంఓలో మాత్రం ఈ వాదనంతా వాక్యాల్లో రాయాలి. మొదటి రోజు నుంచే రాసి అలవాటు చేసుకోండి.

2017 ప్రధాన సంఖ్య, 4తో భాగిస్తే శేషం 1. అలాంటి ప్రధాన సంఖ్య తప్పక కుదురుతుందని గణితవేత్త ఫెర్మా చెప్పాడు, ఆయిలర్ నిరూపించాడు. అయినా చేత్తో వెతకడమే నాకు ఇష్టం. పెద్ద వర్గం 2017లో సగానికి తగ్గకూడదు, 2017ను దాటకూడదు. కాబట్టి దాని మూలం 32, 44 మధ్యే ఉండాలి. పై నుంచి మొదలుపెట్టండి: 44 వర్గం 1936, మిగిలింది 81. అది 9 వర్గం! మొదటి ప్రయత్నంలోనే దొరికింది.

1969ని మీకు వదిలేస్తున్నాను. అది 11×179. వర్గాలను 11తో భాగించినప్పుడు వచ్చే శేషాలన్నీ ముందు రాసుకోండి.