సంఘంలో మిమ్మల్ని వెలివేసినట్టు చూస్తుంటే ఏం చేయాలి

ఉద్యోగానికని బెంగళూరు వచ్చిన మన పిల్లలకు తెలుగు క్రైస్తవ సంఘమే, అంటే చర్చే, పుట్టిల్లు. పీజీ వెతకడం నుంచి పెళ్లి సంబంధం దాకా అన్నీ అక్కడే. అందుకే అక్కడ ఎవరైనా ఏడిపిస్తే ఎవరికీ చెప్పుకోలేరు. నేను కె.ఆర్.పురం వైపు సండే స్కూల్ చెబుతాను. నా దగ్గర కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న అమ్మాయిలకు చెప్పే మాటలే ఇవి.

ముందు దాన్ని గుర్తుపట్టాలి. సంఘంలో ఎవరూ బూతులు తిట్టరు. "ఫలానా సిస్టర్ ఆత్మీయంగా చల్లారిపోయింది, అందరూ ప్రార్థించండి" అని, అంటే భక్తి తగ్గిపోయిందని, వాట్సాప్ గ్రూపులో విన్నపం పెడతారు. కింద వరసగా ఆమెన్‌లు. ఆ అమ్మాయి చేసిందల్లా కానుకల లెక్క అడగడమే. తర్వాతి ఆదివారం క్వయర్‌లో తన మైకు ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆరాధన అయ్యాక టీ దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోతాయి. ఇది ప్రార్థన కాదమ్మా, వేధింపు.

ఆ మెసేజ్‌ని వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి, సాయంత్రానికి డిలీట్ చేసేస్తారు. తేదీ, ఎవరు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నవి రాసి మీ మెయిల్‌కే పంపుకోండి.

"అభిషిక్తులను ముట్టకూడదు", అంటే దేవుడు ఎన్నుకున్న పాస్టర్లను ప్రశ్నించకూడదు అని బైబిల్‌లోని 105వ కీర్తన చూపించి నోరు మూయిస్తే, ఆ కీర్తన మొత్తం తీసి చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరాయి దేశాల్లో తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి అది. లెక్క అడగడం తప్పని అందులో ఎక్కడా లేదు.

మత్తయి సువార్త 18వ అధ్యాయం కూడా చెబుతారు: ముందు ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో, ఆ తర్వాతే సంఘం ముందు. సాటి సహోదరుడితో గొడవైతే అలాగే చేయండి. మిమ్మల్ని బెదిరిస్తున్నది పెద్ద హోదాలో ఉన్న మనిషైతే మాత్రం ఒంటరిగా గదిలోకి వెళ్లకండి. మొదటిసారే తోడు తీసుకెళ్లండి. మాట్లాడి వచ్చాక, ఏం అనుకున్నారో ఆ రాత్రే మర్యాదగా మెసేజ్ పెట్టండి, రుజువుగా ఉంటుంది.

"పెళ్లికి సంఘం లెటర్ ఇవ్వం, నీ పెళ్లి ఎలా అవుతుందో చూస్తాం" అన్నా హడలిపోవద్దు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసుతో రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకోవచ్చు. దానికి ఏ పాస్టర్ గారి లెటరూ అక్కర్లేదు.

పిల్లల మీద చెయ్యి వేసిన విషయమైతే పైవేవీ వర్తించవు. "సంఘంలోనే సర్దుకుందాం" అంటే ఒప్పుకోకండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఆ రోజే.

నిద్ర పట్టకపోతే, ఆదివారం వస్తోందంటేనే టెన్షన్‌తో కడుపులో తిప్పుతుంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. విశ్వాసం తక్కువై ఇలా అయిందని ఎవరన్నా నమ్మకండి.

అప్పటికీ మారకపోతే ఆ సంఘం వదిలేయండి. దేవుణ్ణి వదిలినట్టు కాదది. కొత్త చోట వెంటనే సభ్యత్వం తీసుకోవద్దు. కొన్ని నెలలు వెనక బెంచీలో కూర్చుని చూడండి. ఏడాది లెక్కలు అందరి ముందూ చదువుతారా? పాస్టర్ గారిని ప్రశ్న అడిగినవాళ్లు మరుసటి వారం కూడా మామూలుగా వస్తున్నారా? సంఘం వదిలి వెళ్లినవాళ్ల గురించి ఏమని మాట్లాడుకుంటున్నారో కూడా వినండి.