సైకిల్ లేన్ గురించి సిటీ అడిగితే ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ఇంటికి ఒక పోస్ట్‌కార్డు వస్తుంది. సిటీ, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, లోగో, చిన్న మ్యాపు, కింద క్యూఆర్ కోడ్. ఫలానా రోడ్డులో మార్పులు చేయబోతున్నాం, మీ అభిప్రాయం చెప్పండి అని ఉంటుంది. పిజ్జా కూపన్లతో పాటు అది కూడా రీసైకిల్ బిన్‌లోకి పోతుంది. మా ఇంట్లో కొన్నేళ్లు అలాగే పోయింది. ఒకరోజు పిల్లల స్కూలు పక్క రోడ్డు మీద కొత్త గీతలు పడ్డాయి. చూస్తే సైకిల్ లేన్ సరిగ్గా పార్క్ చేసిన కార్ల తలుపులు తెరుచుకునే చోట గీశారు. వాట్సాప్ గ్రూపులో అందరం కలిసి తిట్టుకున్నాం. ఆ గీతల గురించి మమ్మల్ని అడిగింది ఏడాదిన్నర క్రితమట.

ఆ తర్వాత నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసింది కాలిఫోర్నియా, అందులోనూ బే ఏరియా. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసే వైపు ఉండే మనవాళ్లకి నేరుగా పనికొస్తుంది, వేరే రాష్ట్రాల్లో రూల్స్ కొంచెం మారతాయి. ఇంకోటి, ఇక్కడ బైక్ అంటే సైకిలే. ఊళ్లో అమ్మకి "బైక్ లేన్ కోసం మీటింగ్‌కి వెళ్తున్నా" అంటే పల్సర్ కొన్నావా అని అడిగింది.

ముందు అందరూ అడిగే ప్రశ్న. హెచ్1బీ మీద ఉన్నాం, గ్రీన్ కార్డు రాలేదు, మనం వెళ్లి మాట్లాడొచ్చా? మాట్లాడొచ్చు. ఓటు వేయాలంటే పౌరసత్వం కావాలి, సిటీ కౌన్సిల్ ముందు మాట్లాడటానికి అక్కర్లేదు. కాలిఫోర్నియాలో బ్రౌన్ యాక్ట్ అని 1953 నుంచీ ఉన్న చట్టం ఉంది, దాని ప్రకారం కౌన్సిల్ మీటింగుకి ఎవరైనా రావచ్చు, లోపలికి రావాలంటే పేరు రాసి సంతకం పెట్టాల్సిందే అని అడగడానికి కూడా లేదు. అద్దెకి ఉన్నా, హెచ్4 మీద ఉన్నా, మనవడిని స్కూలు నుంచి నడిపించుకొచ్చే తాతగారైనా అందరూ 'పబ్లిక్' కిందే లెక్క. నిజానికి ఆ గదిలో లేనిది మనలాంటి వాళ్లమే, సొంతిల్లు ఉండి రిటైరైన వాళ్లు మాత్రం తప్పకుండా వస్తారు, అందుకే వాళ్ల మాట నడుస్తుంది.

రెండో సంగతి, ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. ఇది తెలియక నేను ఒకసారి రెండు పేజీల ఈమెయిల్ తప్పు ఆఫీసుకి పంపాను. మీ ఇంటి ముందు వీధి సిటీది. ఎల్ కమీనో రియల్ మాత్రం స్టేట్ రూట్ 82, అది కాల్‌ట్రాన్స్, అంటే రాష్ట్ర రవాణా శాఖ, చేతిలో ఉంటుంది. లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే, సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే లాంటివి శాంటా క్లారా కౌంటీవి. ఇందులో మళ్లీ మెలిక ఉంది. ఎల్ కమీనో మీద కాల్‌ట్రాన్స్ తారు మళ్లీ వేసేటప్పుడు సైకిల్ లేన్లు పెట్టాలంటే పక్కనున్న పార్కింగ్ తీసేయాలి, దానికి ఆ ఊరి కౌన్సిల్ ఒప్పుకోవాలి. పాలో ఆల్టోలో 2024లో కౌన్సిల్ అలాగే ఓటేసింది. కాబట్టి ఒక్కోసారి ఇద్దరికీ రాయాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడు చెప్పాలి. రోడ్డు డిజైన్లు మెట్లు మెట్లుగా నడుస్తాయి. మొదట కాన్సెప్ట్, తర్వాత డిజైన్ 35 శాతం, 65 శాతం, 95 శాతం పూర్తయిన దశలు, ఆపైన టెండరు. కాన్సెప్ట్ దగ్గర "ఈ రోడ్డుకి నాలుగు లేన్లు ఎందుకు, మూడు చాలు" అంటే వింటారు. 65 శాతం దగ్గర అదే మాట అంటే మర్యాదగా తలూపుతారు, అంతే, అక్కడ ఇంక స్తంభం ఇటు జరపడం, రంగు మార్చడం లాంటివే వీలవుతాయి. 95 దగ్గరకొచ్చి గొంతు చించుకున్నా లాభం లేదు. అందుకే ఈమెయిల్‌లో మొదటి ప్రశ్న ఇదే పెట్టండి: డిజైన్ ఇప్పుడు ఎన్ని శాతం దగ్గర ఉంది, ఇంకా ఏవి మార్చొచ్చు? జవాబు చాలా వరకు సూటిగానే వస్తుంది.

పోస్ట్‌కార్డు కోసం కూర్చోకుండా ఇంకో పని కూడా చేయొచ్చు. సిటీ వెబ్‌సైట్లో ఈ ఏడాది ఏ ఏ రోడ్లకి తారు మళ్లీ వేస్తారో జాబితా ఉంటుంది. తారు వేశాక గీతలు ఎలాగూ కొత్తగా గీయాలి, ఆ గీతలు వేరేగా గీయడానికి పెద్దగా అదనపు ఖర్చు ఉండదు. మీ రోడ్డు ఆ జాబితాలో కనపడితే అప్పుడే రాయండి, ఎవరూ అడక్కపోయినా.

రాసే ముందు ఒక్కసారి ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కండి. కారులో వెళ్తే ఏమీ తెలీదు. ఫోన్ జేబులో పెట్టుకుని, స్కూలు వదిలే టైముకి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, చెత్త బళ్లు వచ్చే రోజు పొద్దున ఒకసారి వెళ్లండి. చెత్త రోజు ఎందుకంటే, ఇంటింటి ముందు మూడేసి డబ్బాలు సరిగ్గా సైకిల్ లేన్‌లోనే పెడతారు, ఈ విషయం డ్రాయింగులో ఎక్కడా ఉండదు. కూడలి దగ్గరకొచ్చేసరికి రైట్ టర్న్ లేన్ కోసం సైకిల్ లేన్ ఎక్కడ మాయమవుతోందో చూడండి. సిగ్నల్ దగ్గర ఒక్కరే సైకిల్ మీద నిలబడితే పచ్చ లైటు వస్తోందా లేదా చూడండి. కొత్తగా పెట్టే, మార్చే సెన్సర్ సిగ్నళ్లు సైకిల్‌ని కూడా గుర్తించాలని కాలిఫోర్నియాలో చట్టమే ఉంది, రావట్లేదంటే ఆ మాట ధైర్యంగా రాయొచ్చు. ఫోటోలు తీయండి, ఎక్కడ, ఎన్ని గంటలకి అని పక్కన రాసుకోండి. పదేళ్ల పిల్లని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది, ఆ పిల్ల ఎక్కడ దిగి ఫుట్‌పాత్ ఎక్కిందో అదే మీ అసలు పాయింటు.

ఇక భాష. ఇంజినీర్లు సైకిల్ దారుల్ని నాలుగు క్లాసులుగా చెప్తారు, అది తెలిస్తే మీ కామెంట్ బరువు పెరుగుతుంది. క్లాస్ 1 అంటే కార్లు లేని ట్రెయిల్. క్లాస్ 2 అంటే గీత గీసిన లేన్. క్లాస్ 3 అంటే కార్లతో కలిసి పోవడమే, రోడ్డు మీద ఒక సైకిల్ బొమ్మ వేసి దేవుడి మీద భారం వేస్తారు. క్లాస్ 4 అంటే కార్లకీ సైకిళ్లకీ మధ్యలో స్తంభాలో, కాంక్రీటు దిమ్మెలో, పార్క్ చేసిన కార్లో అడ్డంగా ఉండేది. "సేఫ్‌గా ఉండాలి" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఈ స్కూలు నుంచి ఆ పార్కు వరకు క్లాస్ 2 బదులు క్లాస్ 4 కావాలి, ఎందుకంటే పొద్దున 8 గంటలకి పిల్లల్ని దింపే కార్లు లేన్‌లోనే ఆగుతున్నాయి" అని రాస్తే అది ప్రాజెక్టు ఫైల్లో నిలబడుతుంది.

నేను మొదట రాసిన ఈమెయిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ఉంది, కోపెన్‌హాగన్ ఉంది, భూమి వేడెక్కడం ఉంది. మా వీధి పేరు ఒక్కసారే ఉంది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒక లైను జవాబొచ్చింది. రెండో ప్రాజెక్టుకి ఎనిమిది లైన్లే రాశాను. నేనెవరో, ఎక్కడికి వెళ్తానో ఒక లైను. ప్రాజెక్టుకి అనుకూలమా కాదా అన్నది రెండో లైనులోనే తేల్చేశాను, ఎందుకంటే సిటీవాళ్లు చివరికి అనుకూలం ఎందరు, వ్యతిరేకం ఎందరు అని లెక్కపెడతారు, మీరు నాలుగు పేరాల విమర్శ రాసి చివర్లో 'కానీ మంచి ప్రయత్నం' అంటే మిమ్మల్ని ఏ లెక్కలో వేస్తారో చెప్పలేం. తర్వాత మూడు చోట్లు, మూడు సమస్యలు, ఒక్కోదానికి ఒక కోరిక, రెండు ఫోటోలు. ఈసారి ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్ చేసి "ఆ బస్టాప్ దగ్గర మీరు చెప్పింది మేం చూసుకోలేదు" అన్నాడు.

ఈమెయిల్‌లో ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు పెట్టకండి. కౌన్సిల్‌కి పంపినవి పబ్లిక్ రికార్డు, అలాగే ఆన్‌లైన్‌లో పెట్టేస్తారు. ఏ కూడలి దగ్గర ఉంటారో చెప్తే చాలు. పదిమందీ ఒకే ఈమెయిల్ కాపీ కొట్టి పంపడం కూడా వద్దు, పది వేరు వేరు ఈమెయిళ్లు రెండేసి లైన్లవైనా అంతకంటే మేలు. ఇంగ్లీష్ తప్పులు పోతాయేమో అని టెన్షన్ పడకండి, అవతల చదివేది ఇంజినీరు.

పార్కింగ్ గురించి గొడవ ఖాయం. ఎవరో లేచి "మా ఇంటికి చుట్టాలు వస్తే కార్లు ఎక్కడ పెట్టాలి" అంటారు, మనింట్లో సత్యనారాయణ వ్రతానికి పాతిక కార్లు వచ్చినప్పుడు ఇదే మాట మనమూ అన్నాం, కాబట్టి వాళ్లని చులకన చేయకండి. దానికి జవాబు లెక్క. ఒక మంగళవారం రాత్రి, ఒక శనివారం మధ్యాహ్నం ఆ రోడ్డు వెంబడి నడిచి ఎన్ని కార్లున్నాయి, ఎన్ని ఖాళీలున్నాయి లెక్కపెట్టండి. పక్క వీధి కూడా. "62 జాగాల్లో రాత్రి 9కి 19 కార్లున్నాయి" లాంటి వాక్యం ఒకటి ఉంటే ఆ చర్చ తీరే మారిపోతుంది. క్రాస్‌వాక్‌కి ముందు 20 అడుగుల లోపు కారు ఆపకూడదని ఏబీ 413 చట్టం వచ్చింది, 2025 నుంచి టికెట్లు కూడా రాస్తున్నారు, కాబట్టి కూడలి పక్కన పోతాయంటున్న జాగాల్లో కొన్ని ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా పోయినవే.

ట్రాఫిక్ జామ్ అవుతుందనే వాళ్లకి చెప్పడానికి ఒకటి గుర్తుపెట్టుకోండి. నాలుగు లేన్ల రోడ్డుని మూడుగా చేసి, మధ్య లేన్‌ని ఎడమవైపు తిరిగే వాళ్లకి వదిలేయడాన్ని రోడ్ డైట్ అంటారు. రోజుకి సుమారు 20,000 వాహనాల లోపు వెళ్లే రోడ్లకి ఇది బాగా సరిపోతుందని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చెప్తుంది, ప్రమాదాలు 19 నుంచి 47 శాతం తగ్గుతాయని కూడా. మీ రోడ్డు మీద రోజుకి ఎన్ని వాహనాలు వెళ్తాయో సిటీ దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తారు.

ఈమెయిల్ పంపారు సరే, మీటింగుకి వెళ్లాలా? వీలైతే చిన్న మీటింగుకి వెళ్లండి. చాలా ఊళ్లలో సైకిల్, పాదచారుల కమిషన్ ఉంటుంది, సన్నీవేల్‌లో ఉంది, ఫ్రీమాంట్‌లో మొబిలిటీ కమిషన్ అంటారు. అక్కడ జనం పదిమంది కూడా ఉండరు, కమిషనర్లు తీరిగ్గా వింటారు, ఇంజినీరు పక్కనే ఉంటాడు. కౌన్సిల్‌కి వచ్చేసరికి సగం నిర్ణయం ఇక్కడే అయిపోయి ఉంటుంది.

కౌన్సిల్ రెగ్యులర్ మీటింగు అజెండా కనీసం 72 గంటల ముందు పెట్టాలి. అందులో మీ రోడ్డు 'కన్సెంట్ క్యాలెండర్' కింద ఉందేమో చూడండి. ఉంటే చర్చ లేకుండా మిగతా వాటితో కలిపి ఒక్క ఓటుతో అయిపోతుంది, మీరు మాట్లాడాలంటే ఆ ఓటుకి ముందే, మీటింగు మొదట్లోనే మాట్లాడతానని చీటీ ఇవ్వాలి. ఏడున్నరకి తీరిగ్గా వెళ్దాం అనుకుంటే అంతే సంగతులు.

టైము మూడు నిమిషాలు అని రాసుంటుంది. జనం ఎక్కువైతే మేయర్ దాన్ని ఒక్క నిమిషానికి కోసేస్తారు. నేను మొదటిసారి మూడు నిమిషాల స్పీచ్ బట్టీపట్టి వెళ్లాను, నిమిషం అన్నారు, ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా ఉంటున్నాం, మా పాప ఆరో తరగతి అనేలోపు బెల్ కొట్టేశారు. ఇప్పుడు మూడు సైజులు రాసుకుని వెళ్తాను. చిన్నదాంట్లో నాలుగే వాక్యాలు, కోరిక మొదటి వాక్యంలోనే. మాట్లాడాక వాళ్లు ఏమీ అనకపోతే అవమానంగా అనుకోకండి, అజెండాలో లేని విషయమైతే వాళ్లు చర్చించడానికి చట్టం ఒప్పుకోదు. పిల్లలకి మైకు ఇవ్వండి, వాళ్లు వస్తామంటేనే. బలవంతంగా నిలబెడితే మన స్కూలు ఆనివర్సరీలా ఉంటుంది.

రోడ్డు వేశాక మొదటి నెలా రెండు నెలలు కంప్లయింట్లు వరదలా వస్తాయి, కొత్త గీతలు అర్థం కాక. ప్లాస్టిక్ స్తంభాలతో ట్రయల్‌గా పెట్టినవైతే ఆ రోజుల్లోనే పీకేస్తారు కూడా. అప్పటికి మనం అంతా అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చుంటాం. ఆ నెలలోనే మళ్లీ ఒకసారి తొక్కి, ఏది కుదిరింది, ఏ స్తంభం ఇప్పటికే విరిగింది అని ఒక ఫోటోతో రెండు లైన్లు అదే ప్రాజెక్ట్ మేనేజర్‌కి పంపండి, కాపీ మీ కౌన్సిల్ మెంబర్‌కి.